తొమ్మిదో అధ్యాయం

హాంకాంగ్‌లో షౌ కేయ్ వాన్ అనే పేటలో ఆ భవనం లిఫ్టు మహా ఇరుకు. నలుగురు ఎక్కితే ఐదో మనిషి ఊపిరి బిగబట్టుకోవాలి. ఆ సాయంత్రం అందులో ఉన్నది ముగ్గురే అయినా కస్తియాకి ఊపిరాడలేదు. పద్నాలుగో అంతస్తులో ఒక ఇంట్లో పనిచేసే స్నేహితురాలు యూలియాతిన్ చేతిసంచిలోంచి పుస్తకం తీసింది. కస్తియా కళ్ళతో ఎంత వారిస్తున్నా చూడకుండా, మొదటి పేజీ తెరిచి కస్తియా యజమానురాలైన క్వాన్ అమ్మగారి ముఖం ముందు పెట్టింది.

"ఇదిగోండమ్మగారూ, మీ పేరు. పక్కనే మీ అమ్మగారు పోపో పేరు. మా అక్క రాసింది ఈ పుస్తకం."

క్వాన్ అమ్మగారు కళ్ళజోడు సవరించుకుని తన పేరు తాను రెండుసార్లు చదువుకున్నారు. నువ్వు పుస్తకం రాశావా అని అడిగారు. ఏదో చిన్న కథండీ అంది కస్తియా. అందులో నా పేరెందుకుంది అని అడిగారు. కృతజ్ఞతలండీ, మాలో అలవాటు అంది కస్తియా. తొమ్మిదో అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది. క్వాన్ అమ్మగారు నవ్వుతూ బయటికి నడిచారు. పదకొండేళ్ళలో ఆవిడ అలా నవ్వడం కస్తియా నాలుగైదుసార్లకి మించి చూడలేదు. ఆ నవ్వు చూశాకే కస్తియాకి అసలు భయం పట్టుకుంది.

ఇండోనేషియానించి వచ్చి ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మావాళ్ళకి ఈ కృతజ్ఞతల జబ్బు ఒకటి ఉంది. పుస్తకం అంటూ అచ్చు వేస్తే కథ కంటే ముందు కృతజ్ఞతలు ఉండాలి. దేవుడు, తల్లి, తండ్రి, అక్షరాలు దిద్దించిన పంతులు, ఆదివారం పార్కులో పక్కన కూర్చున్న స్నేహితులు, చివరికి మనం పనిచేసే ఇంటివాళ్ళు. ఎవరి పేరైనా మర్చిపోతే వాళ్ళు నొచ్చుకుంటారని కాదు, మనకే నిద్రపట్టదు. కస్తియా కథలో అందరి పేర్లూ మార్చింది. క్వాన్ అమ్మగారిని చియుంగ్ అమ్మగారు చేసింది, పోపోని లామ్ బామ్మ చేసింది, తనని తాను సుమర్తి చేసుకుంది. ఇంటిని ఏకంగా సముద్రం దాటించి కౌలూన్‌లో పెట్టింది. అంతా చేసి, మొదటి పేజీలో మాత్రం అసలు పేర్లు, అసలు ఇల్లు, పోపో వయసుతో సహా రాసి దణ్ణం పెట్టింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

ఇంతకీ ఆ పుస్తకంలో భయపడాల్సినంత ఏముందంటే, తొమ్మిదో అధ్యాయం ఉంది.

కస్తియాది మా దేశంలో బ్లితార్ దగ్గర చెరుకు తోటల ఊరు. తొమ్మిదో తరగతితో చదువు ఆగింది. ఇరవై రెండేళ్ళకి హాంకాంగ్ వచ్చింది. మొదటి ఇంట్లో వంటగది నేల మీద పడుకుని మూడేళ్ళు, రెండో ఇంట్లో కవలలని పెంచుతూ రెండేళ్ళు గడిపి, మూడోదిగా ఈ ఇంటికి చేరింది. ఈ ఇంట్లో ఉండేది ఇద్దరే ఆడవాళ్ళు. ఒకరు క్లినిక్‌లో రోగుల పేర్లు రాసుకునే చోట పనిచేసే క్వాన్ అమ్మగారు. పెళ్ళి చేసుకోలేదు, యాభై ఆరేళ్ళు. రెండోది ఆవిడ తల్లి, ఎనభై ఆరేళ్ళ పోపో. పోపో అంటే అమ్మమ్మ. మనవలు లేకపోయినా భవనంలో అందరికీ ఆమె పోపోనే. కస్తియాకి కాంటనీస్ నేర్పింది పోపో తిట్లే. చారులో అల్లం తక్కువైందని తిట్టి, చేప పొలుసు సరిగ్గా గీకలేదని తిట్టి, జ్వరమొస్తే తన దుప్పటి తెచ్చి కప్పి, కప్పుతూ కూడా తిట్టి నేర్పింది.

ఆదివారాలు విక్టోరియా పార్కుకి ఒకామె చక్రాల పెట్టె నిండా పుస్తకాలు లాక్కొచ్చి చెట్టుకింద పరిచేది. ముందు కస్తియా వాటిని చదివింది. తరవాత, ఇంతకంటే మనం బాగా రాయమా అనుకుంది. ఆ అనుకోవడమే కొరివితో తల గోక్కోవడం. కాగితం, బల్ల, తీరిక ఏవీ లేవు కాబట్టి ఫోనులోనే రాసింది. చేపల అంగట్లో వరసలో నిలబడి రాసింది, ట్రాములో రాసింది, కింద తోటలో బల్లమీద కూర్చుని పోపో చేతులు ఊపుకుంటూ వ్యాయామం చేస్తుంటే అదే బల్ల చివర కూర్చుని రాసింది.

అలా రాస్తున్న ఒక మధ్యాహ్నం పోపో పడిపోయింది. తోటలోంచి దారిలోకి దిగే చోట రెండు మెట్లున్నాయి. వాటిమీద పడింది. తుంటి ఎముక విరిగింది. కస్తియా తలెత్తేసరికి బల్ల మీద పోపో లేదు. ఆ క్షణంలో ఆమె ఫోనులో నాలుగో అధ్యాయం రాస్తోంది. నాలుగో అధ్యాయం రాస్తుండగానే తొమ్మిదో అధ్యాయం జరిగిందన్నమాట.

ఆసుపత్రిలో క్వాన్ అమ్మగారు ఎలా పడిందని అడిగితే, సీసాలో నీళ్ళు పట్టడానికి కుళాయి దగ్గరికి వెళ్ళానండీ, అంతలోనే లేచేసిందండీ అని చెప్పింది కస్తియా. మంచం మీద పోపో కూడా నీరసంగా, జారానే అంది. అంతటితో ఆ మాట అయిపోయింది. పెద్దావిడకి మత్తులో ఏమీ గుర్తులేదు కాబోలనుకుంది కస్తియా. ఆ అనుకోవడంలో కాస్త ఉపశమనం కూడా ఉంది, సిగ్గుతో చెప్పాలంటే. ఆ తరవాత పోపో నాలుగు కాళ్ళ ఊతం లేకుండా నడవలేదు. రోజూ ఆమె తొడకి నూనె రాస్తూ కస్తియా లోలోపల కుళ్ళిపోయింది. ఎవరికీ చెప్పుకోలేక కథలో చెప్పుకుంది. నీళ్ళూ లేవు, కుళాయీ లేదు, సుమర్తి ఫోను చూస్తోంది, లామ్ బామ్మ పడిపోయింది అని ఉన్నది ఉన్నట్టు రాసేసింది. కథే కదా అని ధైర్యం. మా దేశంలోని యోగ్యకర్తలో అచ్చువేసిన వంద ప్రతుల్ని సెలవుకెళ్ళొచ్చిన ఇద్దరు సామానులో సర్దుకుని తెచ్చారు. పార్కులో మా శుభకార్యాల్లోలా పసుపన్నం కుప్పపోసి, కొస కోసి పంచి, అందరం చప్పట్లు కొట్టాం. చదివినవాళ్ళంతా తొమ్మిదో అధ్యాయం దగ్గర ఏడ్చామన్నారు. ఎలా ఊహించావే అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు కస్తియాకి గొంతులో చేపముల్లులా దిగబడింది.

వచ్చే నెలలో ఆమె ఒప్పందం గడువు తీరుతుంది. క్వాన్ అమ్మగారు సంతకం చేస్తే ఇంకో రెండేళ్ళు. చేయకపోయినా, ఉన్న ఒప్పందం మధ్యలో తెంచినా రెండు వారాల్లో దేశం విడిచిపోవాలి. అరిచే యజమానులతో వేగొచ్చు, అరిచిన నోరు అన్నం కూడా పెడుతుంది. క్వాన్ అమ్మగారు అరవరు. ఏదైనా ఒక్కసారే చెబుతారు. కస్తియాకి ముందు ఇక్కడ పనిచేసినామె పోపో మందు ఒక పూట మర్చిపోయింది. ఆ మర్నాటికి ఆమె ఈ ఇంట్లో లేదు.

లిఫ్టు సంగతి జరిగిన సాయంత్రమే, పొయ్యి మీద చారు మరుగుతుండగా, క్వాన్ అమ్మగారు పిలిచారు. పుస్తకం తీసుకురా, రోజుకో అధ్యాయం మాకు చదివి చెప్పు, భోజనానికి ముందు ఎలాగూ అమ్మకి ఏమీ తోచదు అన్నారు. మీ భాషలో ఉందిగా, మా భాషలోకి నువ్వే మార్చి చదువు అన్నారు. అంతటితో ఆగక ఫోను తీసి పుస్తకం మీద అడ్డంగా పట్టారు. ఫోను తెరమీద అక్షరాలు గజిబిజిగా కదిలి చైనా అక్షరాలయ్యాయి. అబ్బో, ఇది కూడా చదువుతోందే అని ఆవిడ ముచ్చటపడ్డారు. కస్తియా చారు చూడాలంటూ వంటింట్లోకి తప్పుకుంది.

మొదటి అధ్యాయంలో బయల్దేరిన ఊరు ఉంది. ఆ రోజు భయం లేదు. రెండో అధ్యాయంలో విమానం, మూడో దాంట్లో వంటగది నేల. పోపోకి కథ పట్టుకుంది. సుమర్తిని నేలమీద పడుకోబెట్టినామెను నోరారా తిట్టింది. ఐదో అధ్యాయంలో లామ్ బామ్మ వచ్చింది. ఈ ముసలిది ఎక్కడ దొరికిందే నీకు, ఇంత నోరేమిటి దీనికి అంది పోపో. క్వాన్ అమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. కస్తియా కూడా నవ్వింది. నవ్వుతూనే లెక్కపెట్టుకుంది, ఆదివారం సెలవు పోగా ఇంకా నాలుగు రోజులు.

ఆ రాత్రి ఆమె అన్నం మెతుకులు మెదిపి, తొమ్మిదో అధ్యాయం పేజీలు ఒకదానికొకటి అంటించింది. మర్నాడు ఆదివారం పొద్దున్నే క్వాన్ అమ్మగారు యూలియాతిన్ దగ్గర ఐదు ప్రతులు కొనుక్కొచ్చి, క్లినిక్‌లో అందరికీ చూపిస్తానని బల్లమీద వరసగా పేర్చారు. అన్నం మెతుకులు ఎన్నిటికని సరిపోతాయి?

ఆ రోజే పార్కులో ప్లాస్టిక్ పట్టా మీద కూర్చుని కస్తియా నోరు విప్పింది. అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. తొమ్మిదో అధ్యాయం కల్పన కాదని విన్నాక యూలియాతిన్ నోట్లో పెట్టుకున్న ముద్ద మింగలేదు. తన చేత్తో తానే లిఫ్టులో పుస్తకం తెరిచానని తల కొట్టుకుంది. కాసేపటికి తేరుకుని సలహా చెప్పింది.

"మార్చి చదివెయ్ అక్కా. నువ్వేగా రాసింది. నీళ్ళకెళ్ళిందని చదువు, వాళ్ళకేం తెలుస్తుంది?"

"ఆ ఫోనో?"

"ఆవిడ రోజూ ఫోను పెట్టి చూస్తోందా ఏమిటి? నువ్వు వణక్కుండా చదివితే ఎవరూ చూడరు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోకు."

చెప్పడం తేలికే. ఆ వారమంతా కస్తియా నీళ్ళ వాక్యాన్ని వల్లె వేసింది. కూరలు తరుగుతూ వల్లె వేసింది, పోపో వీపు రుద్దుతూ వల్లె వేసింది. సుమర్తి సీసా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. సీసా నిండేలోపు వెనక చప్పుడయింది. చాలాసార్లు అనుకోగా అది నిజంగానే జరిగినట్టు అనిపించసాగింది. అందుకు ఇంకా భయమేసింది.

గురువారం సాయంత్రం తొమ్మిదో అధ్యాయం వంతు వచ్చింది. పొయ్యి మీద తామరదుంపల చారు మరుగుతోంది. పోపో తన కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. క్వాన్ అమ్మగారు క్లినిక్ చీటీల పుస్తకం పక్కన పెట్టి వచ్చి కూర్చున్నారు. కస్తియా అంటించని ప్రతి తీసి చదవడం మొదలుపెట్టింది. తోట, ఎండ, బల్ల, బామ్మ చేతులు ఊపడం, అన్నీ ఉన్నవి ఉన్నట్టే చదివింది. ఆ చోటు దగ్గరికి రాగానే కళ్ళు పేజీ మీద పెట్టి, నోటితో వల్లె వేసిన వాక్యం చెప్పింది. సుమర్తి సీసా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది.

"వెళ్ళలేదు," అంది పోపో.

కస్తియా చదవడం ఆపలేదు. ఆపితే పడిపోతానేమో అన్నట్టు, సీసా నిండేలోపు అని గబగబా తరవాతి వాక్యం అందుకుంది.

"వెళ్ళలేదంటే వినపడదేమే? ఆ కుళాయి అప్పటికి ఆర్నెల్లనించీ పాడైపోయుంది. అది నీళ్ళకెక్కడికి వెళ్తుంది? బల్ల చివర కూర్చుని ఫోనులో రాసుకుంటోంది. తల కూడా ఎత్తలేదు."

క్వాన్ అమ్మగారు లేచి కస్తియా చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. దాన్ని బల్లమీద పరిచి ఫోను పట్టారు. ఒక్కొక్క వరసా తెరమీద చైనా అక్షరాలుగా మారేదాకా ఆగి, చదివి, ఫోను కిందికి జరిపారు. ఆ పేజీలో ఇరవై ఎనిమిది వరసలున్నాయి. కస్తియా గోడకి ఆనుకుని నిలబడింది. అర పెట్టెడు బట్టలు, పదకొండేళ్ళు, రెండు వారాలు, ఇవే తలలో గిర్రున తిరుగుతున్నాయి.

క్వాన్ అమ్మగారు ఫోను పక్కన పెట్టారు. ఆవిడ చూసింది కస్తియా వైపు కాదు, తల్లి వైపు.

"జారిపడ్డానని చెప్పావు కదమ్మా నాతో?"

పోపో మోకాళ్ళ మీద దుప్పటి సర్దుకుంది.

"రెండేళ్ళయింది. తుంటి విరిగిన మనిషివి, ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెబితే దీన్ని పంపించేస్తావు. దీన్ని పంపించేస్తే తరవాత నన్ను పంపిస్తావు. నీ సంచిలో ఆ రంగుల కాగితం చూశాన్లే. వరసగా మంచాలు, గోడమీద గడియారం, అందరికీ ఒకే రంగు గౌను. నాకు చదువు రాకపోవచ్చు, బొమ్మలు కనపడవా?"

ఆ వృద్ధాశ్రమం కాగితం ఆవిడ తెచ్చుకున్న మాట నిజమే. ఊరికే చూద్దామని తెచ్చాను అని మెల్లగా అన్నారు. ఊరికే ఎవరు చూస్తారే అలాంటివి అంది పోపో. కస్తియాకి అప్పుడు తెలిసింది, ఈ చిన్న ఇంట్లో రెండేళ్ళుగా భయపడుతున్నది తానొక్కతే కాదని. తాను నూనె రాస్తున్నంతసేపూ ఆ కాలు కూడా భయపడుతూనే ఉంది.

క్వాన్ అమ్మగారు పుస్తకం కస్తియా ముందుకి జరిపారు. ఉన్నది ఉన్నట్టు చదువు, మొదటినించి అన్నారు. గొంతులో కోపముందో లేదో తెలియలేదు. అది తెలియకపోవడమే అన్నిటికంటే భయం.

కస్తియా చదివింది. సుమర్తి బల్ల చివర కూర్చుని రాస్తోంది. తన కథలో తానే మునిగిపోయింది. పక్కన లామ్ బామ్మ చప్పుడు చేయకుండా లేచింది, చప్పుడు చేయకుండా మెట్లవైపు నడిచింది. పిల్లని కదిలించడం ఎందుకులే అనుకుంది కాబోలు. ఇది పార్కులో అందరినీ ఏడిపించిన చోటు. నిజానికి కస్తియా రాసినవాటిలో ఇంత అందమైన వాక్యాలు ఇంకెక్కడా లేవు.

"ఇది కూడా అబద్ధమే," అంది పోపో. కోపంగా అనలేదు, చారులో ఉప్పు తక్కువైందన్నట్టు మామూలుగా అంది.

"కాదు పోపో, ఇది నిజమే. ఈసారి నేనేం మార్చలేదు."

"చప్పుడు చేయకుండా నేనెందుకు లేస్తాను? నాకు పొట్టలో అర్జంటు. నిన్ను పిలిచాను. తియా అని పిలిచాను. మళ్ళీ పిలిచాను. మూడోసారి గట్టిగానే పిలిచాను, అవతలి బల్లమీద మనిషి కూడా తిరిగి చూశాడు. నువ్వు నవ్వుకుంటూ రాసుకుంటున్నావు. ఇంక ఆగలేక నేనే లేచాను."

కస్తియా పుస్తకం మూసేసింది. రెండేళ్ళుగా తాను చేసిన తప్పు తనకి పూర్తిగా తెలుసనుకుంది. దాన్ని దాచకుండా రాశాననుకుంది. రాసినందుకు రహస్యంగా కొంచెం గర్వపడింది కూడా. మూడు పిలుపులు ఆ పుస్తకంలో లేవు. వినలేదు కాబట్టి రాయలేదు. నాలుగో అధ్యాయంలో ఆ మధ్యాహ్నం రాసిన భాగం ఏమిటో ఆమెకి గుర్తుంది. మొదటి ఇంటి యజమానురాలు పిలుపు వినిపించుకోదని, పనిమనిషంటే లెక్కలేదని, నవ్వు పుట్టేలా ఎద్దేవా చేసిన భాగం అది.

ఆమె నేలమీద కూలబడి ఏడ్చింది. నన్ను పంపించెయ్యండమ్మగారూ అంది. అన్నాళ్ళూ దేనికి హడలిపోయిందో అదే తన నోటితో అడిగింది, మనస్ఫూర్తిగానే అడిగింది.

క్వాన్ అమ్మగారు లోపలికి వెళ్ళి పొయ్యి ఆపేశారు. మూడు గిన్నెల్లో చారు పోసుకొచ్చి పెట్టారు. పదకొండేళ్ళలో ఆవిడ గరిట పట్టడం అదే మొదటిసారి. తామరదుంపలు సగం ఉడికాయి, సగం పచ్చిగా ఉన్నాయి. ముగ్గురూ అవే తిన్నారు. తిన్నాక ఆవిడ ఒక్కసారే చెప్పారు.

"పంపను. కానీ ఇది మర్చిపోతానని కూడా అనుకోకు."

తరవాతి నెలలో సంతకం చేశారు. సంచిలో రంగుల కాగితం ఉందో పారేశారో కస్తియాకి తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. మిగిలిన ఐదు అధ్యాయాలు చదవమని ఎవరూ అడగలేదు. ఇంకో కథ రాయవా అక్కా అని ఆదివారాలు మేం అడుగుతూనే ఉంటాం. రాస్తాలే అంటుంది, ఫోను బయటికి తీస్తుంది, నాలుగు మాటలు రాసి ఎవరో పిలిచినట్టు తలెత్తి చుట్టూ చూస్తుంది. ఎవరూ పిలవలేదే అంటాం. మళ్ళీ తల వంచుకుని రాస్తుంది, కాసేపాగి మళ్ళీ చూస్తుంది.